రాజు తలచుకుంటే: నిరంకుశత్వం ఎక్కడ మొదలవుతుంది

"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా" అని సామెత. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు దీన్ని రాజుల గురించి వాడేవాళ్లు లేరు. పాసుపుస్తకంలో పేరు మారక నెలల తరబడి తిరుగుతున్న రైతు, పింఛను జాబితాలోంచి పేరు ఎందుకు పోయిందో తెలియని ముసలమ్మ ఆఫీసు మెట్లు దిగుతూ అనుకునే మాట ఇది. వినేవాళ్లు 'దెబ్బలు' అన్న చోట ఆగుతారు. సామెత బలమంతా 'తలచుకుంటే' అన్న చోట ఉంది. దెబ్బలు పడ్డాయా లేదా అన్నది తర్వాతి సంగతి. పడటమూ, పడకపోవడమూ రెండూ ఒకే మనిషి తలపులో ఉన్నాయి. ఆ తలపుకు ముందు నియమం లేదు, వెనక సంజాయిషీ లేదు. నిరంకుశత్వం అంటే అదే. క్రూరత్వం దానికి తరచూ తోడొస్తుంది గానీ, అది లేకుండా కూడా నిరంకుశత్వం నిక్షేపంగా సాగుతుంది.

నిరంకుశం అన్న మాటలోనే సగం శాస్త్రం ఉంది. అంకుశం మావటి చేతిలో ఉండే కొక్కెపు ములుకు. నిరంకుశుడు అనగానే చాలామంది కళ్లముందు అంకుశం పట్టుకుని జనాన్ని పొడిచేవాడు కనిపిస్తాడు. మాట చెబుతున్నది దానికి తలకిందులు. నిరంకుశుడంటే నెత్తిన అంకుశం లేని ఏనుగు. అది ఇవాళ మదించి ఉండకపోవచ్చు. గుడి ముందు నిలబడి పిల్లలిచ్చిన అరటిపండు అందుకుని, తొండమెత్తి దీవించనూ వచ్చు. రేపు ఏం చేస్తుందో దాని ఇష్టం. పడమటి దేశాల్లో ఇదే ఊహ మరో రూపంలో ఉంది. అబ్సొల్యూట్ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం 'కట్టు విప్పేసినది' అని. పాలకుడు చట్టాల కట్టు లేనివాడని రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ సూత్రం ఒకటుంది. తరువాతి శతాబ్దాల్లో యూరప్ రాజుల పక్షం వాళ్లు దాన్ని పదేపదే ఎత్తిచూపారు.

పత్రికల్లో నిరంకుశుడు, నియంత అన్న మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. సంస్కృతంలో నియంత అంటే పగ్గాలు పట్టేవాడు, సారథి. రోమన్ గణతంత్రంలో డిక్టేటర్ అన్నది చట్టం ఇచ్చిన పదవే. యుద్ధమో, లోపలి కల్లోలమో ముంచుకొస్తే ఒకరి చేతికి పగ్గాలిచ్చేవారు. గడువు ఆరు నెలలు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ జీవితాంతం డిక్టేటర్ అయ్యాడు. పదవి పేరు మారలేదు, గడువు మాత్రం పోయింది. సారథి కాస్తా ఏనుగైపోయాడు. ఈ రెండు మాటల మధ్య దూరం ఎంత చిన్నదో, ఎంత ముఖ్యమైనదో ఆ ఒక్క మార్పులో కనిపిస్తుంది.

ఇంగ్లీషులో డెస్పాట్ అన్న మాట గ్రీకుల ఇంట్లోంచి వచ్చింది. గ్రీకులో దానికి ఇంటి యజమాని, బానిసల సొంతదారు అని అర్థం. బానిస మీద యజమాని పెత్తనం వేరు, స్వేచ్ఛ గల సమానుల మధ్య రాజకీయ ఏలుబడి వేరు అని అరిస్టాటిల్ గీత గీశాడు. ఊరంతటినీ తన ఇంటి పనివాళ్లలా చూసేవాడు డెస్పాట్. ఇంతవరకు బాగానే ఉంది. ఆసియా జనాలు స్వభావం చేతనే అలాంటి పాలనను భరిస్తారని కూడా ఆయనే రాశాడు. ఆ తప్పుడు మాట రెండు వేల ఏళ్లు బతికి, చివరికి తూర్పు ఇండియా కంపెనీ దొరలకు పనికొచ్చింది. వీళ్లకు అలవాటైందే నిరంకుశత్వం, మనం కొత్తగా చేసే అన్యాయం ఏముంది అన్న సమాధానం వాళ్లకు తేలిగ్గా దొరికింది.

1748లో ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ ఆ మాటకు ఇప్పుడున్న అర్థం స్థిరపరిచాడు. రాజరికంలోనూ ఒక్కడే ఏలుతాడు, అయితే స్థిరమైన చట్టాలను బట్టి ఏలుతాడు. నిరంకుశత్వంలో ఒక్కడు చట్టం లేకుండా తన ఇష్టాన్ని బట్టి ఏలుతాడు. రాజరికాన్ని నడిపేది గౌరవమైతే దీన్ని నడిపేది భయం. దీనికి ఆయన ఇచ్చిన పోలిక చాలా చిన్నది: పండు కావాలనుకున్నప్పుడు లూసియానాలోని ఆటవికులు చెట్టును మొదలంటా నరికి పండు కోసుకుంటారట, నిరంకుశ పాలనా అంతేనట. ఆ జనాల గురించి ఆయన రాసినది నమ్మనక్కర్లేదు. చెట్టు పోలికను మాత్రం కోనసీమ వాళ్లకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఏళ్లకేళ్లు ఆగిన ఇల్లు, దింపు కార్మికుడు ఎక్కి గెల తడిమి ముదురు కాయ ఏదో లేత ఏదో చూసి కోసే తీరు, రాలిన మట్టను కూడా పారేయని పొదుపు వాళ్లు రోజూ చూసేవే. రేపు కూడా కాయ కావాలనుకునేవాడు చెట్టుకు కట్టుబడి ఉంటాడు. రేపటి గురించి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేనివాడు గొడ్డలి తీస్తాడు.

భయం అన్న మాట దగ్గర తెలుగునేల మీది ఒక రాయిని తలచుకోవాలి. గోదావరి డెల్టాకు దక్షిణాన, కృష్ణ దాటాక వచ్చే మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. గాలివానకు ఓడ బద్దలై తీరానికి కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు అందులోని సరుకంతా బలవంతంగా లాక్కునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చాడు. మాట ఇవ్వడంతో ఆగకుండా రాతి మీద చెక్కించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. భయానికి విరుగుడుగా ఆయన ఇచ్చింది సుంకం మాఫీ కాదు, ముందే తెలిసిన సుంకం. వర్తకుడికి కావలసిందీ అదే. గణపతిదేవుడు ఎన్నికల్లో గెలిచిన పాలకుడేమీ కాదు, కత్తితో రాజ్యం విస్తరించినవాడు. అయినా ఆ ఒక్క రేవులో, ఆ ఒక్క విషయంలో తన నెత్తిన తానే ఒక అంకుశం పెట్టుకున్నాడు. రాతి మీద అక్షరం పడ్డాక, రేపు మనసు మారితే వర్తకుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అపరిమిత అధికారాన్ని సమర్థించేవాళ్ల వాదన పాతదే, బలమైనదే. శిక్షించే దండం లేకపోతే మత్స్యన్యాయం నడుస్తుందని, పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్పింది. కొల్లేటి ఒడ్డున ఉన్నవాళ్లకు కొర్రమీను ఏం చేస్తుందో ఒకరు చెప్పాలా? ఇంగ్లండు అంతర్యుద్ధం చూసిన తత్వవేత్త హాబ్స్ 1651లో ఇంచుమించు ఇదే వాదన తెచ్చాడు. గట్టివాడు ఒకడు పైన లేకపోతే ఎవడికి వాడే రాజు అన్న భయం నిజమైనదే. కాకపోతే ఆ వాదన చెరువులోని చేపలన్నింటి గురించి మాట్లాడి, అన్నింటికన్నా పెద్ద చేప గురించి మాట్లాడకుండా ముగుస్తుంది.

ఇక డెల్టా సొంత అనుభవానికి వద్దాం. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. రాజమండ్రి, ఏలూరు సీమలు అందులోవే. ఇక్కడి జనంలో ఒక్కరినీ అడగకుండా ఒక ఏలిక నుంచి ఇంకో ఏలికకు చేతులు మారాయి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఎప్పటికీ మారదని రాసిచ్చారు. ఆ 'శాశ్వతం' పైవైపే ఉంది. జమీందారు రైతు దగ్గర ఎంత తీసుకోవాలన్న దానికి అంత గట్టి హద్దు లేదు. పట్టా ఇవ్వాలన్న నిబంధన కాగితం మీద ఉన్నా, దాన్ని అమలు చేయించుకోవాలంటే రైతు కోర్టుకెక్కాలి. అధికారం ఒకవైపు కట్టుబడి ఉండి, మరోవైపు కట్టు లేకుండా ఉండగలదని అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కంపెనీ ముందు చేతులు కట్టుకు నిలబడిన మనిషే, తన దివాణంలో ఆడింది ఆట, పాడింది పాట. అందుకే ఒక పాలన నిరంకుశమా కాదా అన్న ప్రశ్నకు ఎవరి వైపు నుంచి చూస్తున్నాం అన్నది తేలకుండా జవాబు రాదు. జమీందారీ రైతుకు సాగు భూమి మీద చెప్పుకోదగ్గ హక్కు 1908 చట్టంతో వచ్చింది. జమీందారీలు పోవడానికి 1948 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

జమీందారీలు లేనిచోట కంపెనీ నేరుగా శిస్తు వసూలు చేసింది. ఆ వసూలు ఎలా జరిగేదో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల ఆరోపణలపై వేసిన విచారణ సంఘం 1855లో రాసిపెట్టింది. అన్నిటికన్నా తరచుగా కనిపించిన రెండు హింసలకు ఆ ఇంగ్లీషు నివేదిక తెలుగు పేర్లు కూడా ఇచ్చింది. ఒకటి 'చీరట'. రెండు కర్రలు, ఒక కొసన కలిపి కట్టి ఉంటాయి. మధ్యలో వేళ్లు పెట్టించి రెండో కొస నొక్కుతారు. నిమ్మకాయ పిండే సాధనంలా ఉంటుందని పోలిక చెప్పారు. రెండోది 'గింగేరి'. మనిషిని వంచి, తాడుతోనో అతని పైబట్టతోనో ఆ వంగిన భంగిమలోనే కట్టేసి వదిలేయడం. ఈ రెండింటికీ కమ్మరి కొలిమి అక్కర్లేదు, కారాగారం అక్కర్లేదు. చేతికందిన కర్రముక్క, రైతు ఒంటి మీది గుడ్డ చాలు. హింస అంత చవకైపోయిందంటే దాన్ని అడిగే నాథుడు లేడన్నమాట.

నివేదికలో ఈ పేర్లకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 1816 నుంచి తహశీల్దారు చేతిలోనే శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ ఉన్నాయి. బాకీ రాబట్టేవాడూ అతనే, బాకీ కోసం కొట్టారని ఫిర్యాదు తీసుకోవలసినవాడూ అతనే. కంచే చేను మేస్తే అన్న మాట ఇక్కడ పోలిక కూడా కాదు, ఉన్నదున్నట్టు చెప్పడమే. పై అధికారికి చెప్పుకుందామంటే కలెక్టరు కచేరీ రోజుల నడక. పోయి వచ్చేలోపు చేను ఏమవుతుంది? రెండు పనులూ విడదీయాలని సంఘం సిఫారసు చేసింది. 1859లో మద్రాసుకు విడిగా పోలీసు చట్టం వచ్చింది. అధికార విభజన గురించి పాఠ్యపుస్తకాల్లో చదివే పెద్ద మాటకు నేల మీద అర్థం ఇదే: శిస్తు పుస్తకం, లాఠీ ఒకే చేతిలో ఉండకూడదు.

ఆ నివేదికకు మూడేళ్ల ముందు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం మనకు అలవాటు లేదు. చీరట వాడిన దొరతనమే ఆనకట్ట కట్టింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లెక్కలోంచి పోయారు. కరువులు, తుపాన్లు, పూడిపోయిన పాత కాలువలు, కట్టలేని శిస్తులు, ఊళ్లు విడిచిన జనం అన్నీ అందులో ఉన్నాయి. పక్కనే గోదావరి నిండుగా పారుతూ సముద్రంలో కలుస్తుండగా ఇది జరిగింది. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు పాయలకు అడ్డంగా ఐదేళ్లలో ఆనకట్ట నిలబెట్టాడు. కరువు సీమ అన్నపూర్ణ అయింది. ఆయన్ను అపర భగీరథుడంటూ ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నారు. ఆ కృతజ్ఞతలో అబద్ధం లేదు. డెల్టాలో అన్నం తినేవాళ్లెవరూ దాన్ని తక్కువ చేయలేరు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. కాటన్ రాకపోతే? వచ్చినా పైవాళ్లు ఒప్పుకోకపోతే? ఖర్చుకు మించి శిస్తు పెరుగుతుందని లెక్కలు చూపిస్తేనే కంపెనీ కదిలింది. జనం అడిగితే కాదు. వాళ్లు అడగగలిగిన చోటు లేదు. కరువుకు వదిలేసిన నిర్ణయమూ, ఆనకట్ట కట్టిన నిర్ణయమూ ఒకే రకంగా పైనుంచి దిగాయి. మంచి దొర పాలనను మంచి పాలన అనుకోవడం ఇక్కడే దెబ్బతింటుంది. మంచి దొర ఉన్నన్నాళ్లూ ఏనుగు దీవిస్తూనే ఉంటుంది. ఆయన బదిలీ అయిన మర్నాడు జనం చేతిలో ఏముంది అన్నదే కొలత.

పెద్ద కాలువలున్న చోట నిరంకుశత్వం తప్పదని 1957లో కార్ల్ విట్‌ఫోగెల్ అనే పండితుడు ఒక సిద్ధాంతం చేశాడు. వేలమందిని కూడగట్టి కాలువ తవ్వాలన్నా, నీళ్లు పంచాలన్నా ఉద్యోగుల దండు కావాలి, దాని మీద ఒక మహారాజు కావాలి, నీటి తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే బతుకు వాడి చేతిలో ఉంటుంది అన్నాడు. గోదావరి డెల్టా మనిషికి ఈ మాట పూర్తిగా కొట్టిపారేయాలనిపించదు. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు వేశాక తూము షట్టరు దించిన మనిషి ఎంత పెద్దవాడో శివారు రైతుకు తెలుసు. సిద్ధాంతం మాత్రం తూకానికి నిలబడదు. తెలుగునాట వేలాది చెరువుల కింద నీరటికాడు మడిమడికీ నీళ్లు పంచాడు. ఊరు అతన్ని కళ్లంలో ధాన్యం కొలిచి పోషించింది, పక్షపాతం చేస్తే రచ్చబండ దగ్గర నిలదీసింది. నీళ్లు పంచడానికి ఒక చెయ్యి కావాలి, నిజమే. ఆ చెయ్యి జవాబు చెప్పాల్సిన చెయ్యా కాదా అన్నది నీళ్లు నిర్ణయించవు.

ముందే తెలిసిన నియమం ఎలా ఉంటుందో చూడాలంటే వరదల్లో ధవళేశ్వరం వెళ్లాలి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల్లో చదువురాని మనిషికి కూడా ఈ మూడు అంకెలు నోటికి వచ్చు. రెండోది ఎగరేశారంటే గొడ్లను ఏటిగట్టు మీదికి తోలాలి, గింజలు అటక మీదికి చేర్చాలి, నాటుపడవ ఎక్కడుందో చూసుకోవాలి. ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఏ అధికారి మనసు ఎలా ఉందో తెలుసుకోనక్కర్లేదు. కొలబద్ద అందరికీ కనబడేలా ఉంటుంది, అంకె కలెక్టరుకూ కూలికీ ఒకటే. గోదావరి దయతలచదు, కానీ దాని గురించి చేసుకున్న ఏర్పాటులో ఎవరి దయా అక్కర్లేదు.

ఎన్నికలున్నంత మాత్రాన అంకుశం ఉన్నట్టు కాదని మన దేశానికి 1975లో తెలిసింది. అంతకు రెండేళ్ల ముందే, 1973లో, సమానత్వానికీ ఇష్టారాజ్యానికీ పొసగదని, ఒకటి గణతంత్రానికి చెందితే రెండోది అడ్డులేని రాజు చాపల్యానికి చెందుతుందని సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అదే కోర్టు 1976 ఏప్రిల్లో, అత్యవసర పరిస్థితిలో నిర్బంధంలో ఉన్నవాడు తన నిర్బంధం అక్రమమని కోర్టుకెక్కే వీల్లేదని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను అడిగారు: ఒక పోలీసు అధికారి సొంత కక్షతో మనిషిని చంపేస్తే దానికి దిక్కెవరు? అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం దిక్కు లేదన్నదే జవాబు. 'తలచుకుంటే' అన్న మాట ఇంత స్పష్టంగా కోర్టు గదిలో ఎప్పుడూ వినపడలేదు. ఒప్పుకోని ఐదో న్యాయమూర్తి ఖన్నాయే. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆ తలుపు మూసింది. ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న రక్షణను అత్యవసర పరిస్థితిలో కూడా తీసేయడానికి ఇప్పుడు వీల్లేదు.

భయం లేకుండా కూడా అంకుశం జారిపోగలదు. దీనికి సాక్ష్యం మన పత్రికల శీర్షికల్లోనే ఉంది. జిల్లాకు నిధులు వస్తే 'వరాల జల్లు' అని రాస్తారు. వరమిచ్చేది దేవుడు. అడిగినవాడు తపస్సు చేయాలి, ఇచ్చినవాడు కారణం చెప్పనక్కర్లేదు, ఇవ్వకపోతే భక్తుడి లోపం. బడ్జెట్ డబ్బు జనం కట్టిన పన్ను. శాసనసభ ఒప్పుకుంటేనే ఖర్చుపెట్టాల్సిన డబ్బు. దాన్ని వరం అన్న క్షణంలో ప్రశ్న అడిగే అధికారం మన నోటితోనే వదులుకుంటున్నాం. అమలాపురం కేంద్రంగా ఉన్న జిల్లాకు 2022 నుంచి అంబేద్కర్ పేరుంది. ఆయన 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చునేమో గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా స్వేచ్ఛను పెట్టేయవద్దన్న పాత మాటను అదే ప్రసంగంలో గుర్తుచేశారు. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో ఆ పేజీ ప్రతి బడిలోనూ చదివించాలి.

1997లో సాగునీటి చట్టం వచ్చి, కాలువ కింద రైతులే ఎన్నుకునే నీటి సంఘాలు ఏర్పడ్డాయి. అవి నడిచిన తీరు ఊరికొక రకం. గోదావరిలో నీళ్లు తగ్గిన ఏడాది దాళ్వాకు వంతులు పెడతారు, ఏ కాలువకు ఎన్ని రోజులో ముందే చెబుతారు. శివారులో ఆ వంతు రాత్రి ఎలా ఉంటుందంటే, తూము దగ్గర నలుగురు రైతులు, చేతిలో టార్చీలు, బోదెలో చీలమండ కూడా తడవని నీళ్లు. కాలువ కాపలా చూసే లస్కరు సైకిల్ దిగకముందే ఒకాయన అందుకుంటాడు: "ఏమండీ, మా వంతు నిన్న రాత్రి నుంచి గదా?" లస్కరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తాడు. "పైనోళ్లు ఇంకా దించలేదండి, ఇంజనీరు ఏఈ గారికి చెప్పానండి." "కాగితంలో ఏముందో చదవండి ముందు." టార్చీలన్నీ ఆ కాగితం మీదికి తిరుగుతాయి.